గ్రీకు, రోమన్ పాత నాణేలు: ముందు చదవడం, తర్వాత కొనడం ఎలా?

పురాతన నాణేలంటే మనకి మ్యూజియం గాజు పెట్టెలూ, లండన్ వేలంపాటల్లో పలికే కోట్ల రూపాయలూ గుర్తొస్తాయి. ఆ లోకం ఉంది, కాదనను. కానీ కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలపు చిన్న కంచు నాణెం, దాదాపు పదిహేడు వందల ఏళ్ల నాటిది, అక్షరాలు చదివే వీలున్నదే, యూరప్, అమెరికా వ్యాపారుల దగ్గర ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. వాటిని రోమన్లు లెక్కలేనన్ని కొట్టారు. గొడవలొచ్చినప్పుడు జనం కుండల్లో పోసి పాతిపెట్టుకున్నారు. తిరిగొచ్చి తవ్వుకునే యోగం అందరికీ లేకపోయింది.

ఇంత చౌక గనకే కొత్తవాళ్లు ముందు కొనేసి, నేర్చుకోవడం తర్వాత చూద్దాంలే అంటారు. ఆ వరస తిరగేయండి. చదవడం వచ్చాక కొంటే అరిగిన నాణెం నుంచి కూడా పాలకుడు, ఊరు, ఏడాది రాబట్టగలరు. రాకముందు కొంటే అమ్మినవాడు చెప్పిందే మీకు వేదం.

మొదటి పని: ఒక మూల పట్టుకోండి

నాణేలు క్రీ.పూ. ఏడో శతాబ్దం చివర్లో ఇప్పటి టర్కీ పడమటి వైపున్న లిడియాలో, బంగారం వెండి కలిసిన లోహంతో మొదలయ్యాయి. అక్కణ్నుంచి పడమటి రోమన్ సామ్రాజ్యం పడిపోయిన క్రీ.శ. 476 దాకా లెక్కేసినా వెయ్యేళ్ల పైమాటే. ఇన్ని నగరాలు, ఇంతమంది రాజులు, ఇన్ని తూకాలు అన్నీ ఒకేసారి తలకెత్తుకుంటే ఏదీ ఒంటబట్టదు.

అలెగ్జాండర్ వెండి నాణేలు, చక్రవర్తులకు ముందు రోమన్ రిపబ్లిక్ కాలపు దెనారియస్‌లు (వెండి నాణేలు), చక్రవర్తుల దెనారియస్‌లు, మన వాయవ్య దిక్కున ఏలిన ఇండో గ్రీకు రాజుల రెండు లిపుల నాణేలు, కాన్‌స్టాంటైన్ కుటుంబపు కంచు నాణేలు. వీటిలో దేంతో మొదలుపెట్టినా తప్పు లేదు. నన్నడిగితే ఆఖరిదానితోనే మొదలుపెట్టమంటాను. ధర తక్కువ, అక్షరాలు స్పష్టం, పైగా ఏ ఊళ్లో కొట్టారో నాణెం మీదే రాసి ఉంటుంది. గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్స్ వెండి నాణెంతో మొదలుపెట్టాలని చాలామందికి మనసు లాగుతుంది. లాగనివ్వండి. దాని దగ్గరికి రెండో ఏడాదిలో వెళ్లొచ్చు.

రెండో పని: సామాను

పెద్ద ఖర్చేం లేదు. బంగారం కొట్టు వాళ్లు వాడేలాంటి చిన్న డిజిటల్ త్రాసు, గ్రాములో వందో వంతు చూపించేది. వెర్నియర్ క్యాలిపర్. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం. పక్కనుంచి వెలుగు పడేలా వంచగలిగే టేబుల్ లైటు. వెలుగు పైనుంచి పడితే అరిగిన అక్షరాలు కనపడవు, ఏటవాలుగా పడితే లేచి నిలబడతాయి.

నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి. కింద మెత్తటి గుడ్డ పరవండి. గచ్చు మీద పడితే పాత వెండి నాణెం విరిగిపోవచ్చు. శతాబ్దాలు గడిచేసరికి కొన్నింటి లోహం లోపల పెళుసెక్కి ఉంటుంది.

కొలతల్లో కొత్తవాళ్లు వదిలేసేది ఒకటుంది. బొమ్మ వైపు తల నిటారుగా ఉండేలా పట్టుకుని, నాణేన్ని పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పండి. ఇప్పుడు బొరుసు వైపు బొమ్మ తల ఎటుందో గడియారం లెక్కలో రాసుకోండి. నిటారుగా ఉంటే పన్నెండు, తలకిందులుగా ఉంటే ఆరు. కొన్ని టంకశాలలు రెండు అచ్చులనీ ఒక పద్ధతిలో పెట్టి కొట్టేవి, కొన్ని ఎలా పడితే అలా కొట్టేవి. ఈ ఒక్క అంకె కొన్నిసార్లు నకిలీని పట్టిస్తుంది. ముందు జేబులో ఉన్న రూపాయి బిళ్లతో సాధన చేయండి.

మూడో పని: ఒక నాణెం పూర్తిగా చదవండి

దీనికి ఏమీ కొనక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ తమ సేకరణల ఫొటోలు నెట్‌లో ఉచితంగా పెట్టాయి. కాన్‌స్టాంటైన్ కాలపు ఇద్దరు సైనికుల నాణెం ఒకటి తెరవండి. గ్లోరియా ఎక్సెర్కిటుస్ (Gloria Exercitus) అని వెతికితే దొరుకుతుంది. సైన్యానికి జేజేలు అని దాని భావం. వెడల్పు మన గోరంత, సుమారు 17 మిల్లీమీటర్లు.

బొమ్మ వైపు చూడండి. కుడివైపు తిరిగిన ముఖం, చుట్టూ అక్షరాలు. గడియారంలో ఏడు అంకె ఉండే చోట మొదలుపెట్టి ముల్లు తిరిగే దిశలోనే చదవండి. మాటల మధ్య ఖాళీలుండవు, సగం మాటలు పొట్టిగా ఉంటాయి, యు ఉండాల్సిన చోటల్లా వి ఉంటుంది. అక్షరాలు ఒక్కొక్కటే కాగితం మీద దించుకోండి. కనపడని చోట చుక్క పెట్టండి, ఊహించి పూరించొద్దు.

ఇక్కడే మొదటి ఉచ్చు. కాన్‌స్టాంటైన్ తన కొడుకుల్లో ముగ్గురికి దాదాపు ఒకే పేరు పెట్టుకున్నాడు: కాన్‌స్టాంటినుస్ (నాణెం మీద తండ్రి పేరూ ఇదే), కాన్‌స్టాంటియుస్, కాన్‌స్టాన్స్. మొదటి రెండింటికీ నాణెం మీద తేడా ఒక్క అక్షరం. టి, ఐ తర్వాత ఎన్ ఉందా, నేరుగా వి వచ్చిందా చూడాలి. అరిగిన నాణెం మీద సరిగ్గా ఆ అక్షరమే మాయమవుతుంది! అప్పుడు పేరు తర్వాత వచ్చే బిరుదు చూడండి. ఎం, ఏ, ఎక్స్, ఆపైన ఏ, వి, జి ఉంటే మాక్సిముస్ అగుస్తుస్, అంటే తండ్రి చక్రవర్తి. ఎన్, ఓ, బి, సి ఉంటే నోబిలిస్సిముస్ కేసర్, అంటే కొడుకుల్లో ఒకడు, ఇంకా సింహాసనం ఎక్కనివాడు. తలమీద ముత్యాలో పూలో పొదిగిన పట్టీ ఉంటే మామూలుగా తండ్రి, ఆకుల దండ ఉంటే కొడుకు.

ఈ బిరుదు తేదీ కూడా చెబుతుంది. తండ్రి చనిపోయింది 337 మే 22న. కొడుకులు అగుస్తుస్ బిరుదు తీసుకున్నది ఆ సెప్టెంబరు 9న. కాబట్టి కొడుకు పేరు పక్కన కేసర్ అనుంటే అది ఆ సెప్టెంబరుకు ముందు నాణెం, అగుస్తుస్ అనుంటే తర్వాతది.

ఇప్పుడు బొరుసు. ఇద్దరు సైనికులు ఈటెలతో ఎదురెదురుగా నిలబడి ఉంటారు, మధ్యలో సైన్యపు జెండా కర్రలు. కర్రలు రెండుంటే 330 నుంచి 335 మధ్య నాణెం. ఒకటే ఉంటే ఆ తర్వాతది. కర్ర ఎందుకు తగ్గిందంటే నాణెం చిన్నదైంది, ఇద్దరూ రెండు కర్రలూ పట్టే చోటు లేదు. త్రాసు మీద పెడితే తెలుస్తుంది: రెండు కర్రలది రెండున్నర గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, ఒక కర్రది ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూ. ధరలు పెరిగి డబ్బు చిక్కిపోవడం అనే సంగతి మీ అరచేతిలో కనపడుతుంది.

సైనికుల కాళ్ల కింద ఒక గీత, గీత కింద నాలుగైదు అక్షరాలు. ఏపీ 31 అని చూడగానే విశాఖ బండి అని చెప్పేవాళ్లం కదా, ఇదీ అంతే. ఎస్, ఎం అంటే సాక్రా మొనేటా, చక్రవర్తి టంకశాల. తర్వాతి అక్షరాలు ఊరు. టి, ఎస్ అయితే థెస్సలొనీకా. ఏ, ఎన్ అయితే అంటియోక్. ఎన్ అయితే నికోమీడియా. ఆఖర్న గ్రీకు నాలుగో అక్షరం డెల్టా ఉంటే ఆ టంకశాలలో నాలుగో గదిలో కొట్టింది. పడమటి ఊళ్లలో గ్రీకు లెక్క లేదు. జర్మనీలోని ట్రియర్‌లో కొట్టిన నాణెం మీద టి, ఆర్ తర్వాత పి ఉంటే ప్రిమా, అంటే మొదటి గది, ఎస్ ఉంటే సెకుండా.

రెండో ఉచ్చు ఇక్కడుంది. సి, ఓ, ఎన్, ఎస్ కనపడగానే కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) అని రాసేయొద్దు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి 328లో కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు. అక్కడి గుర్తు సి, ఓ, ఎన్, ఎస్, టి, దానికి ముందు పి గాని ఎస్ గాని ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్‌ది నాలుగక్షరాలే, వెనక గ్రీకు అక్షరం. గది అక్షరం ముందుందా వెనకుందా అని చూస్తే తికమక తీరిపోతుంది. వ్యాపారుల జాబితాల్లోనే ఈ పొరపాటు కనపడుతుంటుంది.

ఇంతదాకా వచ్చాక ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్ అనే ఉచిత సైటుకి వెళ్లండి. పొట్టిగా ఓక్రే అంటారు. చక్రవర్తి, టంకశాల, బొరుసు మీది మాటలు ఇస్తే ఆ రకాలన్నీ చూపిస్తుంది. అందులో మీ నాణెం అంకె పట్టుకోండి. ఆ అంకెలు రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే సంపుటాలవి, పొట్టిగా ఆర్ఐసీ. కాన్‌స్టాంటైన్ 337 దాకా ఏడో సంపుటం, కొడుకుల కాలం ఎనిమిదో సంపుటం. వేర్వేరు ఊళ్లవి, వేర్వేరు పేర్లవి ఇలా ఓ పాతిక చదవండి. ఆ తర్వాత ఏ జాబితా చూసినా కళ్లు వాటంతటవే సరైన చోటికి వెళ్తాయి.

నాలుగో పని: దెనారియస్ మీద తేదీ తీయడం

దెనారియస్ రోమన్ల వెండి నాణెం, క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలైంది. చక్రవర్తుల దెనారియస్ మీద సంవత్సరం అంకె వేయరు, కానీ పదవుల లెక్క వేస్తారు. టి, ఆర్, పి అంటే ట్రిబ్యూన్ అధికారం. ఏడాదికోసారి కొత్తగా తీసుకుంటారు గనక పక్కనున్న రోమన్ అంకె పాలనలో ఎన్నో ఏడాదో చెబుతుంది. సి, ఓ, ఎస్ అంటే కాన్సుల్, రోమన్ల పెద్ద పదవి. అది ప్రతి ఏడూ తీసుకోరు, తీసుకున్నప్పుడల్లా అంకె పెరుగుతుంది.

డొమీషియన్ చక్రవర్తి దెనారియస్ ఒకటి చూడండి. బొరుసు మీద మినర్వా దేవత ఉంటుంది, ఆయన ఇష్టదైవం. ట్రిబ్యూన్ అంకె పదకొండు, కాన్సుల్ అంకె పదహారు అని ఉందనుకుందాం. ట్రిబ్యూన్ అధికారం మొదటిసారి తీసుకున్నది 81 సెప్టెంబరులో, కాబట్టి పదకొండోది 91 సెప్టెంబరు నుంచి 92 సెప్టెంబరు దాకా. పదహారోసారి కాన్సుల్ అయింది 92 జనవరిలో. రెండూ కలిసే కాలం 92 జనవరి నుంచి సెప్టెంబరు మధ్య. పందొమ్మిది వందల ఏళ్ల నాటి నాణేన్ని తొమ్మిది నెలల లోపలికి తెచ్చి నిలబెట్టారన్నమాట. ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే.

తూకం కూడా చూసుకోండి. మొదటి చక్రవర్తి అగస్టస్ కాలంలో ఒక రోమన్ పౌను వెండికి 84 దెనారియస్‌లు, ఒక్కోటి 3.9 గ్రాముల దరిదాపు. క్రీ.శ. 64లో నీరో దాన్ని 96కి పెంచాడు, నాణెం 3.4కి దిగింది. అరుగుదల పోను ఒక పావు గ్రాము తగ్గినా ఫర్వాలేదు. ఒక గ్రాము తగ్గిందంటే మాత్రం అనుమానించాల్సిందే.

గ్రీకు వైపు వస్తే

గ్రీకు పెద్ద అక్షరాలు ఇరవై నాలుగూ వారంలో వస్తాయి. ఏథెన్స్ నాణెం మీద ఆల్ఫా, తీటా, ఎప్సిలాన్ మూడే ఉంటాయి, ఏథెన్స్ వాళ్లది అని. అలెగ్జాండర్ నాణెం మీద అలెగ్జాండ్రూ, అంటే అలెగ్జాండర్‌ది. బొమ్మ వైపు సింహం తోలు కప్పుకున్న వీరుడు హెరాక్లీజ్, బొరుసు వైపు చేతిమీద గద్దతో కూర్చున్న దేవుడు జ్యూస్. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో పోయాక కూడా ఇదే రకాన్ని ఎన్నో ఊళ్లు దశాబ్దాల పాటు కొడుతూనే పోయాయి. కాబట్టి అలెగ్జాండర్ బతికుండగా కొట్టిందని జాబితాలో ఉంటే, ఏ ఆధారంతో అంటున్నారని అడగండి. జ్యూస్ ముందున్న చిన్న గుర్తు, కుర్చీ కిందున్న అక్షరాలు, వీటిని బట్టే ఊరూ కాలమూ తేలుతాయి. పెల్లా అనే ఉచిత సైటు ఈ ఒక్క పని కోసమే ఉంది.

ఏథెన్స్ గుడ్లగూబ నాలుగు ద్రక్మాలది (ద్రక్మా గ్రీకుల వెండి నాణెం), 17.2 గ్రాములు. బొమ్మ వైపున్న దేవత ఎథీనా కన్ను చూడండి. ముఖం పక్కకి తిరిగి ఉన్నా కన్ను బాదంకాయలా ఎదురుగా చూస్తుంటే క్రీ.పూ. ఐదో శతాబ్దపు పద్ధతి. కన్ను కూడా ముఖంతో పాటు పక్కకి తిరిగితే నాలుగో శతాబ్దం. శిల్పులు అంతకు చాలా ముందే కన్ను సరిగ్గా చెక్కడం నేర్చారు. కానీ ఊరూరా నమ్మి తీసుకునే డబ్బు మీద బొమ్మ మారిస్తే నమ్మకం పోతుందని పాత పద్ధతే ఉంచేశారని చెబుతారు.

ఇండో గ్రీకు నాణేలు మనవాళ్లకి తేలిగ్గా ఎక్కుతాయి. మెనాండర్, బౌద్ధుల మిళిందుడు, తన వెండి ద్రక్మా మీద ఒకవైపు గ్రీకులో బాసిలియోస్ సోతీరోస్ మెనాండ్రూ అని, రెండోవైపు ఖరోష్ఠి లిపిలో మహరజస త్రతరస మెనంద్రస అని వేయించాడు. రెండోవైపు భాష మనకి తర్జుమా అక్కర్లేనంత దగ్గర. మరుగునపడిన ఖరోష్ఠి లిపిని 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ లాంటివాళ్లు చదవగలిగింది ఇలాంటి జంట రాతల వల్లే. తూకం మాత్రం ఏథెన్స్ లెక్క కాదు, 2.4 గ్రాముల చుట్టూ ఉంటుంది.

నకిలీలు

నకిలీ నాణెం నాణెమంత పాతది. క్రీ.పూ. 375లో ఏథెన్స్‌లో నికోఫోన్ ప్రతిపాదించిన చట్టం రాతి ఫలకం మీద దొరికింది. ఆ చట్టం ప్రకారం బజారులో బల్లల దగ్గర నాణేలు పరీక్ష చేసే ప్రభుత్వ బానిస కూర్చుంటాడు. లోపల రాగో సీసమో ఉండి పైన వెండి పూత ఉంటే, నాణేన్ని అక్కడికక్కడే అడ్డంగా నరికేసి దేవతల తల్లికి సమర్పించేయాలి. గుడ్లగూబల మీద మీకు ఉలి గాట్లు కనపడితే ఆ సంగతి గుర్తు తెచ్చుకోండి. లోపలేముందో చూద్దామని అప్పట్లో ఎవరో కొట్టిన దెబ్బలవి. ఇలాంటి పూత నాణేల్ని ఫురే అంటారు. పాతకాలపు ఫురే కూడా సేకరించదగ్గదే, ధర మాత్రం వెండి ధర కాకూడదు.

మనకి ప్రమాదం ఇప్పటి నకిలీలతోనే. పాత నాణేలు అచ్చుల మధ్య సుత్తి దెబ్బతో కొట్టినవి. పోత పోసినదైతే పోలికలు వేరు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, లేదా ఆ గీతని ఆకురాయితో అరగదీసిన చాళ్లు. పైన గుండుసూది మొనంత గుంటలు. అక్షరాలు అరిగినట్టు కాక, సబ్బు కరిగినట్టు మెత్తబడి ఉండటం. భూతద్దం ముందు అంచు మీద పెట్టండి, బొమ్మ మీద కాదు. అంచు తిప్పి ఫొటో ఇవ్వనన్న వ్యాపారి దగ్గర కొనొద్దు.

ఇంకా గట్టి పరీక్ష కవలల్ని వెతకడం. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకి బొమ్మ ఒకటే కావచ్చు. కానీ లోహపు బిళ్ల ఆకారం, అంచు పగులు, బొమ్మ పక్కకి జరిగిన తీరు, పైన గీతలు కూడా ఒకేలా ఉన్నాయంటే రెండూ ఒక మూసలోంచి వచ్చినవే. పాత అమ్మకాల ఫొటోలు ఏసీసెర్చ్ లాంటి సైట్లలో లక్షల్లో ఉన్నాయి. ధరలు చూడాలంటే చందా కట్టాలి, ఫొటోలకి అక్కర్లేదు. కొనేముందు గంటసేపు అక్కడ వెతకడం తప్పనిసరి చేసుకోండి.

అచ్చు చెక్కి కొట్టిన నకిలీలు ఉన్నాయి, అవి కష్టం. పదహారో శతాబ్దంలో ఇటలీలోని పాదువా ఊరివాడు జొవాన్ని కవీనో రోమన్ పెద్ద కంచు నాణేల్ని అనుకరిస్తూ చేసినవి ఇప్పుడు వాటంతట అవే విలువైనవి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీవాడు బెకర్ చేసినవి నిపుణుల్నే తిప్పలు పెట్టాయి. ఈ స్థాయి నకిలీని మొదటి ఏడాదిలో మీరు పట్టలేరు, పట్టక్కర్లేదు కూడా. పట్టగలిగిన వ్యాపారి దగ్గర, నకిలీ అని తేలితే ఎన్నేళ్లకైనా డబ్బు వాపసు ఇస్తానని రాసిచ్చేవాడి దగ్గర కొనండి. శుభ్రం చేయని నాణేల సంచి అని నెట్‌లో కిలోల లెక్కన అమ్మేవాటి జోలికి పోవద్దు. వాటిలో బాగున్నవి అప్పటికే ఏరేసి ఉంటారు, ఏ దేశం మట్టిలోంచి ఎలా వచ్చాయో ఎవరూ చెప్పరు.

కొనేటప్పుడు కాగితం అడగండి

నాణెం ఇంతకుముందు ఎవరి దగ్గరుంది, ఏ అమ్మకంలో కనపడింది అనే చరిత్రకి ఇప్పుడు నాణెమంత విలువ ఉంది. జూలియస్ సీజర్ హత్యని గుర్తు చేస్తూ హంతకుల్లో ఒకడైన బ్రూటస్ కొట్టించిన నాణెం, రెండు కత్తులు, మధ్యలో విముక్తి టోపీ ఉన్నది, బంగారంలో అతి అరుదు. అలాంటిదొకటి 2020లో లండన్‌లో దాదాపు 42 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని పాత చరిత్ర కాగితాలు అబద్ధమని తేలి, 2023లో గ్రీసుకి తిరిగి వెళ్లిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చిన్న కంచు నాణేనికైనా రశీదు, అమ్మినవాడి పేరు, తేదీ, తెలిసినంతవరకు పాత చరిత్ర తీసుకుని దాచండి.

అమెరికాలో ఉండే మనవాళ్లు గమనించాల్సింది: సైప్రస్‌తో 2007లో, ఇటలీ, గ్రీసులతో 2011లో మొదలుపెట్టి కొన్ని రకాల పాత నాణేల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లోకి సాంస్కృతిక వస్తువులు తెచ్చుకోవడం మీద కొత్త నియమాలు 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చాయి. విదేశం నుంచి తెప్పించే ముందు ఆ నాణెం రకం జాబితాలో ఉందేమో చూసుకోండి.

ఇండియాకి వస్తే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించడం మామూలు మనిషికి నేరం. విదేశంలో న్యాయంగా కొన్న నాణేన్ని సెలవులకి ఇంటికి తెచ్చి నాన్నగారికి చూపించి, తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో వేసుకోవడం కూడా ఇబ్బందే. ఫొటోలు చూపించండి చాలు. ఇక సంతల్లో, పాత కోటల దగ్గర రుమాలు విప్పి, పొలంలో దొరికింది సార్ అనేవాళ్లుంటారు. అది అబద్ధమైతే డబ్బు పోయె, నిజమైతే కేసు మీద పడె.

తోమొద్దు

దేవుడి ఇత్తడి సామాను తోమినట్టు చింతపండూ పీతాంబరీ పెట్టి నాణెం తోమితే దాని పని అయిపోయినట్టే. కంచు మీద శతాబ్దాలుగా పట్టిన నున్నటి ఆకుపచ్చ, గోధుమ రంగు పొరే దానికి రక్ష. అక్షరాల చివరి ఆకారం కూడా చాలాసార్లు ఆ పొరలోనే ఉంటుంది, కింద లోహంలో కాదు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ, వెదురు పుల్లతో మెల్లగా. అంతకు మించి ఏమీ వద్దు.

భయపడాల్సిన చిలుము వేరే ఉంది. లేత ఆకుపచ్చ రంగులో, గోరు తగిలితే పొడిలా రాలేది. లోపల చేరిన క్లోరైడ్లు తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంటాయి. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. అలాంటి నాణేన్ని వెంటనే విడిగా తీసి పొడి డబ్బాలో పెట్టండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఊరికే తిరగబెడుతుంది. డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, అవి తడిసినప్పుడల్లా మార్చండి.

మెత్తగా, వాసనొచ్చే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు. కొన్నేళ్లకి జిగురు కారి నాణేనికి పచ్చగా అంటుకుంటుంది. మైలార్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్లు కాస్త పెళుసు, కానీ ప్రమాదం లేదు. ప్రతి నాణేనికీ ఒక కార్డు: పాలకుడు, టంకశాల, కాలం, బరువు, వెడల్పు, అచ్చు దిశ, రెండు వైపుల రాత కనపడినంతవరకు, ఆర్ఐసీ అంకె, ఎక్కడ ఎంతకి కొన్నది. బరువు మీ త్రాసు మీద మీరు చూసిందే రాయండి, వ్యాపారి రాసింది కాదు.

మన నేల మీది రోమన్ నాణేలు

కొనకుండా చదువుకోవాలంటే తెలుగువాళ్లకి అవకాశం దగ్గర్లోనే ఉంది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ దెనారియస్‌లు ఒక్కచోట దొరికాయి. మన దేశంలో దొరికే రోమన్ వెండిలో రెండు రకాలు మళ్లీ మళ్లీ కనపడతాయి. ఒకటి అగస్టస్‌ది: బొరుసు మీద ఆయన మనవలు గాయుస్, లూసియుస్ ఇద్దరూ డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. రెండోది ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ది: కుర్చీలో కూర్చున్న స్త్రీ, చుట్టూ పొంతిఫ్ మాక్సిమ్ అనే రాత. రెండూ ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కొట్టినవి. నీరో వెండి తగ్గించాక వచ్చిన దెనారియస్‌లు ఇక్కడ చాలా తక్కువ. ఇక్కడి వర్తకులు పాత మంచి వెండినే ఏరి తీసుకునేవారని దానికి మామూలుగా చెప్పే కారణం. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు (రోమన్ల నాణేలు) లాక్కుపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయింది ఈ వ్యాపారం గురించే.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో నాణేల సేకరణలు పెద్దవి. రోమన్ నాణేలు చూసేటప్పుడు బొమ్మ మీద అడ్డంగా ఉలి గాటు ఉందేమో, తల పైన గొలుసుకి గుచ్చుకునే రెండు రంధ్రాలున్నాయేమో చూడండి. పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువ వాటికి చక్రవర్తి ముఖం మీదే గాటు పడి ఉంది. ఇక్కడ డబ్బుగా చెల్లకుండా, కేవలం బంగారంగా తూకానికి పోవాలని అలా చేసి ఉంటారని పండితుల ఊహ. రంధ్రాలున్నవి మెడలో నగలయ్యాయి. కాసులపేరు చూసిన కళ్లకి ఇదేం కొత్త కాదు. కొన్ని అసలు రోమన్‌వి కావు, ఇక్కడే చేసిన అనుకరణలు. రాత చదవబోతే అక్షరాలు అక్షరాల్లా ఉండవు, ఉత్త గీతలు. లాటిన్ రాని కంసాలి చూసి దించినవి.

మీ ఊళ్లోనే ఎవరి పొలంలోనైనా నాగలికి ఇలాంటివి తగిలితే కడగొద్దని, విడదీసి పంచుకోవద్దని, కుండ ముక్కలు కూడా పారేయొద్దని చెప్పండి. దొరికిన చోటు ఫొటో తీయించండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని ఒక నకలు దగ్గర ఉంచుకోమనండి.